చిన్న కారుకు పెర్ఫార్మెన్స్ టైర్లు: పట్టు కోసం ఎంత మైలేజీ వదులుకోవాలి?

కొత్తచక్రం

అందరికీ నమస్కారం. నా హ్యాచ్‌బ్యాక్ కారుకు కంపెనీ వేసి ఇచ్చిన టైర్లు అరుగుదల గుర్తుల దాకా వచ్చేశాయి కాబట్టి నాలుగింటినీ ఒకేసారి మార్చాలనుకుంటున్నాను. ఇప్పుడున్న సైజు 185/65 ఆర్15 (వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు), దాని పక్కన బరువు, వేగాల సూచిక 88హెచ్ అని ఉంటుంది. పొడి రోడ్డు మీద ఈ టైర్లు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. తడి రోడ్డు మీద మాత్రం కాస్త గట్టిగా బ్రేకు వేస్తే చాలు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వెంటనే పనిలోకి దిగుతుంది. మలుపులో స్టీరింగ్ తిప్పిన తర్వాత బండి ఒక క్షణం ఆగి తిరిగినట్టు ఉంటుంది. అందుకే ఈసారి పెర్ఫార్మెన్స్ టైర్ల వైపు చూస్తున్నాను.

అయితే రోజూ దూరం తిరిగే బండి కావడం వల్ల మైలేజీని పక్కన పెట్టలేను. ఇప్పుడు లీటరుకు 18 కిలోమీటర్ల దగ్గర వస్తోంది. నా ముందు మూడు దారులున్నాయి. ఇదే సైజులో మెరుగైన పట్టున్న టైర్లు తీసుకోవడం మొదటిది. ఇప్పుడున్న రిమ్ముల మీదే 205/55 ఆర్15 వేయించడం రెండోది. రిమ్ములతో సహా మార్చి 195/55 ఆర్16కు వెళ్లడం మూడోది. మైలేజీ లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు పడిపోతుందని కొందరు, తేడా అసలు తెలియదని మరికొందరు చెబుతున్నారు. ఇంత దూరం ఉన్న రెండు మాటల్లో దేన్ని నమ్మాలో, ఏ కారణంతో నమ్మాలో తెలిసినవారు వివరించగలరా?

సిలికా

కొత్తచక్రం గారూ, ముందు టైరు ఇంధనాన్ని ఎక్కడ తింటుందో చూస్తే ఆ రెండు మాటలూ ఎక్కడ తప్పుతున్నాయో తెలుస్తుంది. బండి బరువు కింద టైరు అడుగు భాగం చదునవుతుంది, రోడ్డును వదలగానే మళ్లీ గుండ్రంగా లేస్తుంది. రబ్బరు పూర్తి స్ప్రింగు కాదు. అది వంగేటప్పుడు తీసుకున్న శక్తిలో కొంత భాగాన్ని తిరిగి ఇవ్వకుండా వేడిగా పోగొడుతుంది. టైరు దొర్లడాన్ని అడ్డుకునే బలంలో, అంటే దొర్లుడు నిరోధంలో, అత్యధిక భాగం ఇలా పోయే శక్తి వల్లే. ఆ నిరోధ బలాన్ని బరువుతో భాగిస్తే వచ్చే సంఖ్యను రోలింగ్ రెసిస్టెన్స్ గుణకం అంటారు. కార్ల టైర్లలో ఇది స్థూలంగా 0.007 నుంచి 0.014 వరకు ఉంటుంది.

మీ బండికి లెక్క కట్టి చూద్దాం. కారు, మనుషులు కలిపి 1,100 కిలోలు అనుకుంటే, గుణకం 0.008 ఉన్న టైర్ల మీద దాన్ని దొర్లించడానికి సుమారు 86 న్యూటన్ల బలం కావాలి. పట్టు మీదే దృష్టి పెట్టి తయారు చేసిన, గుణకం 0.0105 ఉన్న టైర్లయితే 113 న్యూటన్లు కావాలి. తేడా 27 న్యూటన్లు, అంటే 100 కిలోమీటర్లకు 27 లక్షల జౌళ్లు. లీటరు పెట్రోలులో సుమారు 320 లక్షల జౌళ్ల శక్తి ఉన్నా, ఇంజను, గేర్లు దాటి చక్రం దాకా చేరేది అందులో పావు వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే కాబట్టి, ఈ తేడా 100 కిలోమీటర్లకు సుమారు 0.3 లీటర్లుగా తేలుతుంది. 18 ఇచ్చే బండి 17 దగ్గరికి వస్తుంది. టైర్ల దొర్లుడు నిరోధాన్ని పది శాతం తగ్గిస్తే మైలేజీ ఒకటి నుంచి రెండు శాతం పెరుగుతుందని అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో ఇచ్చిన నివేదిక చెప్పింది. ఇక్కడ తేడా దాదాపు ముప్పై శాతం, మనకు వచ్చిన నష్టం అయిదు శాతం చిల్లర. రెండూ పొసుగుతున్నాయి.

అంటే తేడా తెలియదనడం సరికాదు. అలాగని ఒక్క రబ్బరు మిశ్రమం మారినంత మాత్రాన మూడు నాలుగు కిలోమీటర్లు పోవడం కూడా జరగదు.

నాలుగోగేరు

సిలికా గారి లెక్కను నేను కాదనడం లేదు. కాని నా బండికి వెడల్పు టైర్లు వేయించిన వెంటనే ట్యాంకు నుంచి ట్యాంకుకు చూసుకున్న మైలేజీ పదో వంతు దాకా పడిపోయింది. గాలి సరిగ్గానే ఉంది, తిరిగే దారీ మారలేదు, డ్రైవరూ మారలేదు. కాగితం మీద అయిదు శాతం అన్నది రోడ్డు మీద పది శాతం ఎలా అవుతుంది?

కొలబద్ద

నాలుగోగేరు గారి ప్రశ్న చాలా ముఖ్యమైనది. టైర్ల గురించి వచ్చే అభిప్రాయాల్లో సగం అయోమయం ఇక్కడే పుడుతుందని నా నమ్మకం. మీరు పోల్చినది పాత రకం టైరుతో కొత్త రకం టైరును కాదు. అరిగిపోయిన టైరుతో కొత్త టైరును పోల్చారు.

కొత్త టైరుకు ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల పొర, లోతు సుమారు 8 మి.మీ. ఉంటుంది, అరుగుదల గుర్తు దగ్గర అది 1.6 మి.మీ.కి చేరుతుంది. వంగి లేచే రబ్బరులో పెద్ద భాగం ట్రెడ్‌లోనే ఉంటుంది కాబట్టి, అది అరిగేకొద్దీ పోగొట్టే శక్తి కూడా తగ్గుతుంది. జీవితం చివరికి వచ్చిన టైరు కొత్తగా ఉన్నప్పటికంటే గణనీయంగా తేలికగా దొర్లుతుంది. మీరు అదే కంపెనీ, అదే రకం, అదే సైజు టైర్లను కొత్తగా వేయించినా మైలేజీ కొంత పడేది.

రెండోది కిలోమీటర్ల మీటరు. బండి దూరాన్ని చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చూసి లెక్కిస్తుంది. ట్రెడ్ 6.4 మి.మీ. అరిగితే వ్యాసం 12.8 మి.మీ. తగ్గుతుంది, 185/65 ఆర్15కు అది రెండు శాతం. చిన్నదైన చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి, అరిగిన టైర్ల మీద మీటరు నడిచిన దూరాన్ని రెండు శాతం వరకు ఎక్కువ చూపగలదు. అంటే పాత టైర్ల మైలేజీ నిజం కన్నా ఎక్కువగా కనబడింది, కొత్త టైర్లు ఆ తేడాను ఒక్కరోజులో తీసేశాయి. సైజు కూడా మార్చి ఉంటే మరో పొరపాటు కలుస్తుంది. కొత్తచక్రం గారు చెప్పిన 205/55 ఆర్15 వ్యాసం 606.5 మి.మీ., ఇప్పుడున్నది 621.5 మి.మీ. ఆ టైర్లు వేస్తే మీటరు దాదాపు 2.5 శాతం ఎక్కువ దూరం చూపి మైలేజీ బాగుందనిపిస్తుంది, పెట్రోలు మాత్రం అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది.

కాబట్టి దూరాన్ని మీటరు నుంచి కాక జీపీఎస్ నుంచి తీసుకోండి. కొత్త టైర్లను మొదటి 800 కిలోమీటర్ల దాకా కొలతకు వాడకండి. ఉష్ణోగ్రత కూడా చూడాలి. చలిలో రబ్బరు ఎక్కువ శక్తిని పోగొడుతుంది, పైగా ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు టైరులో గాలి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. ఎండాకాలంలో పాత టైర్లనూ చలికాలంలో కొత్త టైర్లనూ కొలిచి పోల్చితే ఆ అంకెకు అర్థం ఉండదు.

నాలుగోగేరు

నా విషయంలో పాత టైర్లు నిజంగానే చివరి దశలో ఉన్నాయి, దూరం కూడా బండి మీటరు నుంచే తీసుకున్నాను. ఆ రెండూ కలిసి నేను చూసిన పడిపోవడంలో సగం దాకా వివరించగలవని ఒప్పుకుంటున్నాను. మిగిలిన సగం వెడల్పు వల్లనా, రబ్బరు వల్లనా అన్నది ఎలా విడదీయాలి?

సిలికా

వెడల్పు కంటే రబ్బరు మిశ్రమం, లోపలి నిర్మాణం ప్రభావమే పెద్దది. నిజానికి మిగతావన్నీ సమానంగా ఉంచి టైరును కొంచెం వెడల్పు చేస్తే రోడ్డును తాకే మచ్చ పొట్టిగా, అడ్డంగా మారి వంగుడు కొంత తగ్గడం కూడా సాధ్యమే. కాని అంగళ్లలో మిగతావన్నీ సమానంగా ఉండవు. వెడల్పు టైర్లను ఎక్కువగా పట్టు కోసం వెతికేవారికే తయారు చేస్తారు కనుక వాటిలో మెత్తటి రబ్బరు ఉంటుంది. గాలిని అడ్డుకునే ముఖం పెరగడం గురించి చాలామంది భయపడతారు. 20 మి.మీ. వెడల్పు పెరిగితే ముందు చక్రాలు రెండూ కలిసి కారు మొత్తం ముఖానికి చేర్చేది అర శాతం కూడా ఉండదు.

ఇక్కడే మరో మాట. గాలి నిరోధం ఇలాంటి చిన్న కారుకు 50 కిలోమీటర్ల వేగంలో సుమారు 80 న్యూటన్లు, 100 వేగంలో సుమారు 310 న్యూటన్లు ఉంటుంది. టైరు నిరోధం వేగంతో అంతగా మారదు. అందువల్ల టైరు మార్పుతో పెరిగే ఖర్చు కిలోమీటరుకు దాదాపు ఒకటే అయినా, హైవే మీద మొత్తం ఖర్చు పెద్దది కాబట్టి శాతంగా చిన్నగా కనబడుతుంది, మధ్యస్థ వేగంలో పెద్దగా కనబడుతుంది. ఇద్దరు మనుషులు ఒకే టైరు గురించి వేర్వేరుగా చెప్పడానికి ఇదొక కారణం.

వానదారి

ఇంతవరకు చర్చ అంతా పట్టు కావాలంటే మైలేజీ పోవలసిందే అన్న ఊహ మీద నడుస్తోంది. ఆ ఊహను నేను పూర్తిగా అంగీకరించను, ముఖ్యంగా కొత్తచక్రం గారు అడిగినది తడి పట్టు గురించి కాబట్టి.

80 కిలోమీటర్ల వేగంలో మీ చక్రం సెకనుకు పదకొండు పన్నెండు సార్లు తిరుగుతుంది. దొర్లుడులో రబ్బరు వంగి లేచేది ఆ లయలోనే. బ్రేకు వేసినప్పుడు రోడ్డు గరుకుదనం మీద రబ్బరు జారుతూ వణికేది సెకనుకు వేల నుంచి లక్షల సార్లు. నిదానమైన వంగుడులో శక్తిని తక్కువగా, వేగమైన వణుకులో ఎక్కువగా పోగొట్టే రబ్బరును తయారు చేయగలిగితే రెండూ కలిసొస్తాయి. రబ్బరులో కలిపే మసి లాంటి నల్ల పొడి కార్బన్ బ్లాక్‌లో పెద్ద భాగానికి బదులు సిలికా అనే ఖనిజ పొడిని, దాన్ని రబ్బరుకు గట్టిగా అతికించే సిలేన్ రసాయనాలను వాడడం వల్ల ఇది సాధ్యమైంది. మిష్‌లాన్ సంస్థ 1992లో ఈ పద్ధతిలో కార్ల టైర్లను బజారులోకి తెచ్చింది. నేడు మంచి టైర్లన్నిటిలోనూ ఇది మామూలే. రసాయనవేత్తలు రబ్బరు నమూనాను 60 డిగ్రీల దగ్గర పరీక్షించి దొర్లుడును, 0 డిగ్రీల దగ్గర పరీక్షించి తడి పట్టును అంచనా వేస్తారు.

ఐరోపా సమాఖ్య లేబుల్‌ను చూడడం అలవాటు చేసుకోండి. 2012 నుంచి ఉన్న ఆ లేబుల్‌ను సవరించి 2021 మే నుంచి ఇంధనానికీ తడి పట్టుకూ ఎ (ఉత్తమం) నుంచి ఇ వరకు తరగతులు పెట్టారు. కార్ల టైర్లలో టన్నుకు 6.5 కిలోల వరకు నిరోధం (అంటే గుణకం 0.0065) ఉంటే ఎ, 7.7 వరకు బి, 9.0 వరకు సి, 10.5 వరకు డి, ఆపైన ఇ. సిలికా గారు పోల్చిన రెండు టైర్లలో ఒకటి సి తరగతిలో, రెండోది డి తరగతి చివర ఉంటాయి. తడి పట్టులో సూచిక (ప్రామాణిక టైరుతో పోల్చి ఇచ్చే అంకె) 1.55 లేదా ఎక్కువైతే ఎ, 1.25 నుంచి 1.39 వరకు సి. సూచిక 1.55 ఉన్న టైరు తడి మీద 30 మీటర్లలో ఆపితే 1.25 ఉన్నది అదే పరిస్థితిలో 37 మీటర్లు తీసుకుంటుంది. ఆ ఏడు మీటర్లు దాదాపు రెండు చిన్న కార్ల పొడవు. ముందు వెళ్లే వాహనం హఠాత్తుగా ఆగినప్పుడు ఏం జరుగుతుందో ఆ దూరమే తేలుస్తుంది. దానితో పోలిస్తే 100 కిలోమీటర్లకు పావు లీటరు పెట్రోలు నా దృష్టిలో చాలా చిన్న విషయం.

తడి పట్టులో ఎ, ఇంధనంలో బి లేదా సి ఉన్న టైర్లు నిజంగానే దొరుకుతాయి. వెతకవలసినవి అవే. రెండింటిలోనూ ఎ ఉన్నవి కూడా ఉన్నాయి గాని, అలాంటప్పుడు మూడో కొనను, అంటే అరుగుదలను, జాగ్రత్తగా చూడండి. ఒకటి పెంచితే మరొకటి తగ్గే ఈ ముక్కోణం ఇంకా పూర్తిగా మాయం కాలేదు.

కొలబద్ద

లేబుల్ గురించి ఒక్క హెచ్చరిక చేర్చాలి. దొర్లుడు పరీక్షను నున్నటి డ్రమ్ము మీద, 80 కిలోమీటర్ల వేగంలో, టైరు మోయగల గరిష్ఠ బరువులో 80 శాతం వేసి, నిర్ణీత గాలితో చేస్తారు. టైర్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది నమ్మదగినదే గాని, మీ బండి మైలేజీని నేరుగా చెప్పదు. తడి పట్టు తరగతి కూడా బ్రేకు గురించే చెబుతుంది. మలుపులో పట్టును, నిలిచిన నీటి మీద తేలిపోకుండా ఉండే గుణాన్ని అది కొలవదు. నీటిని తోసే పని గాడులది, వాటి లోతుది. ఒకే లోతు గాడులున్నప్పుడు వెడల్పు టైరు నిలిచిన నీటి మీద ముందుగానే తేలుతుంది. వానలో నడిపేవారు వెడల్పు కోరేముందు ఇది గుర్తుంచుకోవాలి.

రిమ్ముబరువు

ఇక సైజుల విషయానికి వస్తాను. 205/55 ఆర్15ను పక్కన పెట్టండి. వ్యాసం 2.4 శాతం తగ్గడం వల్ల బండి కిందికి దిగుతుంది, ఇంజను అదే వేగానికి ఎక్కువ తిరుగుతుంది. పైగా మీ బండికి కంపెనీ ఇచ్చిన రిమ్ము బహుశా అయిదున్నర అంగుళాల వెడల్పుది. దాని మీద 205 టైరును బిగిస్తే పక్కగోడలు బయటికి ఉబ్బి, మలుపులో మీరు పోగొట్టుకోవాలనుకుంటున్న ఆ మెత్తదనమే మళ్లీ వస్తుంది. వెడల్పు కొన్నా పదును రాదు.

195/55 ఆర్16 లెక్క ప్రకారం చక్కగా కుదురుతుంది. దాని వ్యాసం 620.9 మి.మీ., ఇప్పుడున్నదానితో దాదాపు సమానం. అయితే బరువు సూచికను చూడండి. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, ఈ సైజులో మామూలుగా దొరికే 87 అంటే 545 కిలోలు. బండి తలుపు దగ్గరి స్టిక్కరు, పుస్తకం 87ను అనుమతిస్తేనే తీసుకోండి. కొన్ని చోట్ల సూచిక తగ్గితే బీమా, తనిఖీ ఇబ్బందులు కూడా వస్తాయి. రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీత నుంచి బిగించే ముఖానికి ఉన్న దూరం) మారకూడదు, మధ్య రంధ్రం హబ్‌కు సరిగ్గా సరిపోవాలి.

పెద్ద చక్రం బరువు గురించి అతిగా చెప్పే మాటలు చాలా ఉన్నాయి. ఒక్కో చక్రానికి రెండు కిలోలు పెరిగిందనుకుందాం. నాలుగు కలిపి ఎనిమిది కిలోలు. తిరిగే బరువు కాబట్టి వేగం పెంచేటప్పుడు అది ఎక్కువలో ఎక్కువ పదహారు కిలోలలా ప్రవర్తిస్తుంది. 1,100 కిలోల బండికి అది ఒకటిన్నర శాతం లోపే, అదీ ఆగి కదిలే ప్రయాణంలో మాత్రమే. సమ వేగంలో దాని ప్రభావం దాదాపు లేదు. తేలికైన రిమ్ములు దొరికితే అదీ పోతుంది. గతుకుల మీద చక్రం ఎగిరిపడడం మాత్రం బరువుతో స్పష్టంగా మారుతుంది, అది నేను ఎప్పుడూ గమనించే విషయం.

నాలుగోగేరు

స్టీరింగ్ స్పందన గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను పదహారు అంగుళాల పక్షాన మాట్లాడతాను. పక్కగోడ ఎత్తు 120 మి.మీ. నుంచి 107 మి.మీ.కు తగ్గితే, రిమ్ము తిరిగిన తర్వాత ట్రెడ్ తిరగడానికి పట్టే ఆలస్యం నిజంగా తగ్గుతుంది. చిన్న కారు నడపడంలో ఉన్న ఆనందమంతా ఆ స్పందనలోనే ఉందని నేను భావిస్తాను. మరో లాభం ఏమిటంటే, పెర్ఫార్మెన్స్ రకాల ఎంపిక చిన్న రిమ్ములకు చాలా తక్కువ. పదహారుకు వెళ్లేసరికి ఎంచుకోవడానికి నాలుగు రకాలుంటాయి. చిన్న సైజుల్లో అమ్ముడుపోక నిలిచిపోయిన టైర్లు కూడా తగులుతాయి. పక్కగోడ మీది డాట్ (DOT) అనే తయారీ సంకేతంలో చివరి నాలుగు అంకెలను చూడండి. 2324 అని ఉంటే అది 2024లో 23వ వారంలో తయారైంది.

వానదారి

ఆ స్పందనలో పక్కగోడ ఎత్తుతో పాటు నిర్మాణానికీ పాత్ర ఉంది. అదే 185/65 ఆర్15లో కూడా గట్టి పక్కగోడలున్న రకాలు ఉన్నాయి. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వి అంటే 240. ఆ వేగంతో మనకు పని లేకపోయినా, వి టైరును ఎక్కువ వేడిని, ఒత్తిడిని తట్టుకునేలా నిర్మిస్తారు కాబట్టి అది సాధారణంగా మలుపులో నిలకడగా ఉంటుంది. ప్రయాణం కొంచెం బిగుసుగా అనిపించవచ్చు.

కొత్తచక్రం

ఇంత శ్రద్ధగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. 205ను వదిలేశాను. నేను తిరిగే దారిలో గతుకులు ఎక్కువ కాబట్టి పొట్టి పక్కగోడతో రిమ్ము వంగే భయం ఉంది. అందుకే పదిహేను అంగుళాలలోనే, తడి పట్టులో ఎ, ఇంధనంలో సి లేదా మెరుగైన తరగతి ఉన్న టైర్లు వెతుకుతాను. రెండు సందేహాలు మిగిలాయి. బండి ముందు చక్రాలతో నడిచేది కనుక మంచి టైర్లు ముందు రెండింటికే వేసి, వెనక మామూలువి వేస్తే మైలేజీ నష్టం సగమవుతుంది కదా? టైరు పక్కన ముద్రించే ట్రెడ్‌వేర్ (అరుగుదల) అంకెను బట్టి మన్నికను తెలుసుకోవచ్చా?

రిమ్ముబరువు

మొదటిది దయచేసి చేయకండి. ముందు పట్టు ఎక్కువ, వెనక తక్కువ ఉన్న బండి తడి మలుపులో హఠాత్తుగా వెనకభాగాన్ని బయటికి విసురుతుంది. ముందు చక్రాలు జారితే డ్రైవరుకు స్టీరింగ్‌లోనే తెలుస్తుంది, సాధారణంగా వేగం తగ్గిస్తే సర్దుకుంటుంది. వెనక జారినప్పుడు తెలిసేసరికి బండి తిరిగిపోయి ఉంటుంది. రెండే కొత్తవి కొన్నప్పుడు కూడా, నడిచేవి ఏ చక్రాలైనా సరే, కొత్తవాటిని వెనకే వేయమని టైరు తయారీదారులు చెప్పేది ఇందుకే. నాలుగూ ఒకే రకం వేయించండి.

ట్రెడ్‌వేర్ అంకె అమెరికా పద్ధతిలోనిది. టెక్సస్‌లోని రోడ్ల మీద సుమారు 11,500 కిలోమీటర్లు నడిపి, ప్రామాణిక టైరుతో పోల్చి, తయారీదారులే ఆ అంకెను ఇచ్చుకుంటారు. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు అది పనికొస్తుంది. వేర్వేరు కంపెనీల మధ్య దాన్ని అంతగా నమ్మలేం. 200 దగ్గర ఉన్నవి పోటీ ట్రాక్‌ల కోసం ఉద్దేశించిన మెత్తటి రకాలు, మీ అవసరానికి అవి అక్కర్లేదు. ఇంకొకటి, మీ ప్రాంతంలో చలికాలం 7 డిగ్రీల కిందికి దిగితే వేసవి రకం పెర్ఫార్మెన్స్ టైర్ల రబ్బరు బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది, అప్పుడు వేరే రకం చూడాలి.

సిలికా

గాలి విషయం కూడా చెబుతాను, ఎందుకంటే ఇంత ఆలోచించి తెచ్చుకున్న లాభాన్ని చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. నాలుగు టైర్లలో సగటున ఒక పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. అయిదు తగ్గితే ఒక శాతం. అంతకంటే పెద్ద నష్టం అంచులు అరగడం, పక్కగోడలు వేడెక్కడం. స్టిక్కరు మీది అంకెను చల్లటి టైరులోనే, అంటే బండి కొన్ని గంటలు నిలిచి ఉన్నప్పుడే, చూసి నింపండి. మైలేజీ ఆశతో దాన్ని దాటి బిగించడం కూడా నేను సమర్థించను. తాకే మచ్చ చిన్నదై, డబ్బు పెట్టి కొన్న తడి పట్టు తగ్గిపోతుంది.

కొలబద్ద

కొత్తచక్రం గారూ, టైర్లు మార్పించే రోజునే వీల్ అలైన్‌మెంట్ చేయించి, మార్పుకు ముందు, తర్వాతి అంకెలున్న కాగితాన్ని అడిగి తీసుకోండి. టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, కొద్దిగా తప్పినా చక్రం దొర్లుతూనే పక్కకు రుద్దుకుంటుంది, ఆ రాపిడి వల్ల పోయే ఇంధనాన్ని జనం కొత్త టైర్ల ఖాతాలో వేస్తారు. పాత టైర్ల మీద ఇంకా తిరుగుతున్నారు కాబట్టి, ఈ వారమే జీపీఎస్ దూరంతో ఒక నిండు ట్యాంకు కొలత తీసి ఉంచండి. అది అరిగిన టైర్ల అంకె కనుక కొత్తవి కొంచెం వెనకబడి కనిపిస్తాయి. ట్రెడ్ సగం అరిగాక అదే దారిలో, అదే రుతువులో మరోసారి కొలిస్తే ఆ టైర్ల అసలు ఖర్చు ఎంతో తేలుతుంది. ఆ అంకెలు రెండూ ఇక్కడ పెట్టగలిగితే ఇదే సైజు టైర్ల కోసం వెతికేవారికి ఉపయోగపడతాయి.